రోటి నుంచి బావి దాకా

మాదన్నపేట, హైదరాబాదు
14 జులై 1974

చిన్నమ్మా,

నీ ఆండాలు ఇక్కడ బాగానే ఉంది. నువ్వు వరంగల్ స్టేషన్లో కట్టి ఇచ్చిన సకినాలు నిన్నటితో అయిపోయాయి కనుక ఇక ఉత్తరం రాయక తప్పలేదు.

గది దొరికింది. కూరగాయల మార్కెట్ వెనక సోమశేఖర్ గారని ధాన్యం వ్యాపారి, వాళ్ళ ఇంటి మేడ మీద. కింద ఎప్పుడూ కందిపప్పు వాసన. కిటికీ తెరిస్తే కొత్తిమీర బేరాలు వినబడతాయి. బేరం తెలుగులో మొదలై, కోపం వచ్చేసరికి ఉర్దూలోకి మారి, కుదిరాక మళ్ళీ తెలుగులోకి వస్తుంది. నేను పుస్తకం ముందర పెట్టుకుని అదే వింటూ కూర్చుంటున్నాను.

చదువు సంగతి. మధ్యాహ్నాలు తరగతులు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఇక్కడి శిశు సేవా కేంద్రంలో పని నేర్చుకోవాలి. ఏ ఇంట్లో పిల్లలకు తిండికో కాపలాకో ఇబ్బంది ఉందని తెలిసినా, ఆ ఇంటికి వెళ్ళి చూసి, మాట్లాడి, ఏం సాయం చేయవచ్చో రాసి ఇవ్వడం మా పని. మా పెద్ద విమలాదేవి గారు. కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని మాట్లాడతారు. మొదటి రోజే నాతో అన్నారు: "ఇల్లు చూడమ్మా, మనిషిని చూడు, తర్వాత రాయి. చూడకముందే రాసుకుని పోయేవాళ్ళు మా దగ్గర చాలామంది ఉన్నారు."

రిపోర్టులు ఇంగ్లీషులో రాయాలేమోనని భయపడ్డాను. తెలుగులో రాసినా సరే అన్నారు. ఆ రోజే సైదాబాదు దాకా నడిచి ఒక మందపాటి నోటుబుక్కు కొన్నాను. దొరికిన ప్రతి మంచి మాటా అందులో రాసుకుంటున్నాను. నిన్న దొరికినవి: ఆలంబన, దైన్యం, ఆర్ద్రత. చిన్నమ్మా, ఇన్నాళ్ళూ ఈ మాటలన్నీ ఎక్కడ ఉన్నాయి?

నీ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. మిల్లులో కూర్చునే పని ఇమ్మని అడిగావా?

నీ
ఆండాలు


వరంగల్
22 జులై

బిడ్డ ఆండాలుకు చిన్నమ్మ దీవెనలు.

నీ జాబు అందింది. నేను చదువుకున్న. మల్ల పక్కింటి మాస్టరుతోని ఒకసారి చదివించుకున్న, ఎట్లుంటదో విందామని. మాస్టరు మస్తు మెచ్చుకున్నడు. నీ బిడ్డ పుస్తకాలు రాస్తదమ్మా అన్నడు. నేను ఉప్పొంగిన గని ఆయన ముంగట ఏం అనలే.

దైన్యం అంటే ఏంది? ఆకలా? ఆకలైతే ఆకలనే రాయరాదు.

మోకాలు గట్లనే ఉన్నది. కూసునే పని ముసలోళ్ళకు ఇస్తరు. నేనింక ముసల్దాన్ని కాలేదని సూపర్వైజరు అంటుండు. వాని నోట్ల చక్కెర పొయ్య.

సకినాలు ఎనిమిది రోజులల్ల తిన్నవా? పదిహేను రోజులకని కట్టిన. పొద్దున ఏమన్న తిని పో. ఊరోళ్ళ పిల్లల ఆకలి చూసుడు సరే, నీది నువ్వు చూసుకో.

చిన్నమ్మ
నాగమణమ్మ


మాదన్నపేట
18 ఆగస్టు

చిన్నమ్మా,

నీకు ఒక శుభవార్త. నా రిపోర్టును విమలాదేవి గారు మిగతా విద్యార్థులందరికీ చదివి వినిపించారు.

సంగతి మొదటినుంచి రాస్తాను. ఇక్కడ సక్కుబాయి అని ఒక ఆవిడ ఉంది. భర్త మల్లన్న క్షయతో ఛాతీ దవాఖానలో చేరి ఎనిమిది నెలలైంది. ఇంటి దగ్గర పిల్లలు ఎలా ఉన్నారో చూడమని దవాఖాన డాక్టరు మా కేంద్రానికి కబురు పెట్టాడు. విమలాదేవి గారు ఆ ఫైలు నాకు ఇచ్చారు. నా మొదటి ఫైలు. అట్ట మీద నా పేరు నేనే రాసుకున్నాను.

మార్కెట్ దాటాక ఒక సందు. ఆ సందులో ఒకే వాకిలి చుట్టూ ఆరు ఇళ్ళు. నేను పదకొండింటికి వెళ్ళాను. వాకిట్లో పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక చివర ఇంటి ముందు ఏడేళ్ళ ఆడపిల్ల కూర్చుని ఉంది. పేరు రాజమణి. దాని పక్కన రోలు. ఆ రోటికి పాత చీరతో కట్టేసి రెండేళ్ళ పిల్లవాడు. పేరు గుండయ్యట, గుండు అని పిలుస్తారు. ముక్కు కారి ఎండిపోయింది, చేతిలో జొన్నరొట్టె ముక్క.

"అమ్మ ఏది?" అని అడిగాను.

"పనికి పోయింది."

"బడికి వెళ్ళవా?"

"వీడున్నడు గద."

"వాణ్ని ఎందుకు కట్టారు?"

"ఉరుకుతడు."

చిన్నమ్మా, అదంతా నోటుబుక్కులో రాసుకుని వచ్చాను. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. అదే వేళ, అదే దృశ్యం. మూడోసారీ అంతే. అప్పుడు గదికి వచ్చి రెండు రోజులు కూర్చుని రాశాను. నీకోసం కొంచెం ఎత్తి రాస్తున్నాను:

"రాతిరోటికి పశువును కట్టినట్లు కట్టబడిన ఆ పసివాని కన్నులలో గూడు కట్టుకున్న దైన్యం వర్ణనాతీతం. బాల్యమనే వసంతం వికసించకముందే వాడిపోయిన ఆ బాలిక, తానే ఒక బిడ్డ అయి ఉండి, మరొక బిడ్డకు కావలి. మూడు పర్యాయాలు సందర్శించగా మూడు పర్యాయాలూ తల్లి గైరుహాజరు. నిర్లక్ష్యం ఆ ఇంటి గడపలోనే కూర్చుని ఉన్నది."

చివరి వాక్యానికి ఒక పూట పట్టింది. విమలాదేవి గారు చదవడం అయ్యాక ఇద్దరు ముగ్గురు ఆ వాక్యాన్ని తమ పుస్తకాల్లో రాసుకున్నారు.

దీన్ని కమిటీకి పంపారు. కమిటీ పెద్ద ప్రహ్లాద్ గారు, చార్మినార్ దగ్గర బట్టల దుకాణం ఆయనది. పిల్లల హోం కూడా ఆయన తాతలు పెట్టిందే. అక్టోబరు అయిదున కూర్చుని ఆ ఇద్దరినీ హోంలో చేర్చే విషయం తేలుస్తారు. అక్కడ మంచాలు ఉన్నాయి, పాలు ఇస్తారు, బడి ఉంది. నా రాత వల్ల ఇద్దరు పిల్లలు బాగుపడబోతున్నారు. ఇంతకంటే ఏం కావాలి?

నీ
ఆండాలు


వరంగల్
25 ఆగస్టు

ఆండాలుకు.

జాబు అందింది. ఇక్కడ వానలు లేవు. కందులు పిరమైనయ్.

ఆ వాకిట్ల బాయి ఉన్నదా? ఉంటే రాయి.

చిన్నమ్మ


మాదన్నపేట
3 సెప్టెంబరు

చిన్నమ్మా,

నీ ఉత్తరం మూడు లైన్లు. ఒకటి వానలకు, ఒకటి కందులకు, ఒకటి బావికి. నా రిపోర్టు గురించి ఒక్క మాట కూడా లేదు. నీకు నచ్చలేదా, ఒంట్లో బాగోలేదా?

బావి ఉంది. వాకిలి మధ్యలో చేదబావి, ఆరు ఇళ్ళకూ అదొక్కటే. పిట్టగోడ ఎప్పుడో కూలిపోయిందట, రాళ్ళు నేలకు సమంగా ఉన్నాయి. ఎందుకు అడిగావు?

ఇక్కడ ఒకటి జరిగింది. ఎలా రాయాలో తెలియడం లేదు.

కమిటీ నోటీసు సక్కుబాయికి అందింది. నిన్న ఆవిడ పని మాని కేంద్రానికి వచ్చింది. ఆవిడను నేను చూడటం అదే మొదటిసారి. ఎముకలు గట్టివి, మనిషి పలచన. జుట్టులో సిమెంటు దుమ్ము. కంచన్‌బాగ్‌లో ఏవో ఫ్యాక్టరీ గోడలు లేస్తున్నాయి కదా, అక్కడ తట్టలు మోస్తుంది. విమలాదేవి గారు లేరు. నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఆండాలమ్మ అంటే నువ్వేనా బిడ్డా?"

"నేనే."

"పెద్దదానివి అనుకున్న. నా పిల్లల గురించి ఏమో రాసినవట. జర చదువు."

అలా చదివి వినిపించకూడదేమో అన్నాను. "నా ముచ్చటే గద, నేను వినొద్దా?" అని బల్ల మీద కూర్చుంది. చదివాను. ఇంతకుముందు ఎంత ఇష్టంగా చదివిన వాక్యాలు, చిన్నమ్మా, నిన్న తల ఎత్తకుండా చదువుకుంటూ పోయాను. పశువును కట్టినట్లు అన్నచోట ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

"పశువును మెడకు కడ్తరు. నేను నడుముకు కట్టిన. మెడకు కడితే ఉరి పడ్తది."

తర్వాత నన్ను చదవనిచ్చింది. అంతా అయ్యాక అంది: "రేడియోల చెప్పినట్టే ఉన్నది. మంచిగ చదివినవ్. గని, గిది నా ఇల్లేనా?"

పిల్లలను పనికి తీసుకుపోవచ్చు కదా అన్నాను. "తీస్కపోతుంటి. ఒకామె పోరని కాలు మీద ఇటుకలు పడ్డయ్. గప్పటి సంది మేస్త్రి పిల్లలను రానిస్తలేడు," అంది. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "కట్టిన అని రాసినవ్. ఎంత పొడుగు కట్టిన్నో రాయలే నువ్వు."

దాని అర్థం అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పటికీ కట్టిన పిల్లవాడు కట్టిన పిల్లవాడే కదా అనిపిస్తోంది. నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు. మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ కళ్ళారా చూశాను. అయినా రాత్రి అన్నం తినాలనిపించలేదు.

ఆండాలు


వరంగల్
9 సెప్టెంబరు

బిడ్డా ఆండాలూ,

బాయి ఉన్నదని రాసినవ్. నాకు తెలుసు, ఉంటదని. రోటికి కట్టింది అన్నప్పుడే తెలిసింది.

నీ రాత నాకు నచ్చలేదని కాదు. మాస్టరుతోని చదివిస్త అనుకొని తీస్కపోయి, గడప కాడికెల్లి మల్ల తీస్కొచ్చిన. ఆయనతోని వినలేను అనిపించింది.

నీకు చెప్పని ముచ్చట ఒకటి ఉన్నది. నాకు ఒక కొడుకు ఉండె, సారయ్య, జ్వరమొచ్చి పోయిండని నీకు తెలుసు. జ్వరం కాదు. మనం అప్పుడు మట్టెవాడల ఉంటుంటిమి. ఇంటెనక బాయి. మీ అమ్మ పోయినంక నిన్ను తెచ్చుకొని ఏడాది. మీ చిన్నాయన పొద్దటి షిఫ్టు, నేనూ పొద్దటి షిఫ్టే. వానికి రెండేండ్లు నిండలే. పక్కింటి ముసలవ్వకు అప్పజెప్పి పోయిన. ముసలవ్వ జర కునుకు తీసింది. గంతే.

మా వాడకట్టుల ఒకామె పిల్లగాన్ని గడెంచె మంచానికి కట్టి పోతుండె. మేమంత ఆమెను తిడ్తుంటిమి. రాకాసి, పిల్లగాన్ని కట్టేస్తదా అని. నేను గూడ తిట్టిన. నా కొడుకును కట్టలే నేను. ప్రేమ ఎక్కువ నాకు. కట్టిన ఆమె కొడుకు ఇయ్యాల ఆర్టీసీ బస్సు నడుపుతుండు. అప్పుడప్పుడు కనిపిస్తడు, టికెటు లేకుండ ఎక్కు పెద్దమ్మా అంటడు. నేను ఎక్కను.

కట్టుడు మంచిదని రాస్తలేను బిడ్డా. కట్టినామె ఇంట్ల లేనప్పుడు చూసి వచ్చినవ్. ఇంట్ల ఉన్నప్పుడు గూడ పోయి చూడు. ఆ మేడం ఏం చెప్పింది నీకు, మనిషిని చూడు అని గదా. నువ్వు ఇల్లే చూసినవ్.

మోకాలు మంచిగనే ఉన్నది. ఫికర్ చెయ్యకు.

చిన్నమ్మ


మాదన్నపేట
21 సెప్టెంబరు

చిన్నమ్మా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. జవాబు ఆలస్యం చేసింది కోపంతో కాదు. నువ్వు చెప్పిన పని చేశాకే రాయాలనుకున్నాను.

ఈ వారంలో నాలుగు రోజులు మధ్యాహ్నం తరగతులు ఎగ్గొట్టి ఆ వాకిట్లో కూర్చున్నాను. ఒంటిగంటకు వెళ్ళాను, సాయంత్రం దీపాలు పెట్టేదాకా ఉన్నాను. నేను ఇన్నాళ్ళూ వెళ్ళిన పదకొండు గంటల వేళ, ఆ ఆరు ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు లేని వేళ. నా టైంటేబుల్‌కు అదే కుదిరింది కనుక ఆ ఇంటి బతుకంతా ఆ గంటలోనే ఉందనుకున్నాను.

రెండింటికి లీలమ్మ వస్తుంది. పక్క ఇంటావిడ, క్రైస్తవులు, ఒక బడిలో ఆయాగా చేస్తుంది. భర్త సీమోను కంచన్‌బాగ్‌లోని సర్కారు ల్యాబులో వడ్రంగి. ఆమె వాకిట్లో అడుగుపెడుతూనే "యాడున్నవ్‌రా దొంగోడా" అంటుంది. వాడు చేతులు చాపి గంతులు వేస్తాడు. చెంగుతో ముక్కు తుడిచి, ముడి విప్పి, చంకన వేసుకుని అన్నం పెడుతుంది. ఇన్నాళ్ళూ నేను చూసిన ఎండిన ముక్కు రోజుకు కొన్ని గంటలదే.

నన్ను చూసి లీలమ్మ మొదట లోపలికి రమ్మనలేదు. "రాసే అమ్మ వచ్చిందే, పోయి మొఖం కడుక్కో," అంది రాజమణితో. అది నాకు తగిన మాటే. మూడో రోజుకు చాయ్ ఇచ్చింది. "మరి నా గురించి ఏం రాస్తవ్? ఇంకొకరి పోరనికి అన్నం పెట్టి చెడగొట్టింది అని రాయి," అంది. సీమోను మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆరింటికి సక్కుబాయి వస్తుంది. కాళ్ళు కడుక్కోకముందే వాడిని ఎత్తుకుని నడుము దగ్గర చొక్కా పైకి లేపి చూస్తుంది. ఒరిసిందా, కందిందా అని. కందితే ఆముదం రాస్తుంది. మర్నాడు ముడి ఒక వేలు పైకి కడుతుంది. ఆ చీర ఆవిడ పెళ్ళి నాటిదట, మెత్తగా ఉంటుందని అదే వాడుతోంది.

నిన్న నేను అడిగి ఆ చీర పట్టుకుని కొలిచాను. రోటి నుంచి ఆరు మూరలు. నీళ్ళ కుండ నాలుగు మూరల దూరంలో ఉంది, వాడికి అందుతుంది. గడప అయిదు మూరలు, ఎండ వస్తే లోపలి నీడలోకి పోగలడు. బావి పదకొండు మూరలు. రాజమణి నా వెనకే నడుస్తూ నేను కొలిచిన ప్రతిదీ పైకి లెక్కపెట్టింది. బావి దగ్గరికి వచ్చేసరికి నా కొంగు పట్టుకుని ఆపింది. "గా రాయి దాటొద్దక్కా. అమ్మ కొడ్తది."

రిపోర్టు వెనక్కి ఇమ్మని విమలాదేవి గారిని అడిగాను. చించేస్తానన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఫైల్లోకి పోయిన కాగితం బయటికి రాదమ్మా. తప్పు రాస్తే, తప్పు రాశానని ఇంకో కాగితం రాసి దాని మీద కుట్టాలి. రెండూ ఉంటాయి," అన్నారు. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "క్లాసులో చదివి వినిపించింది నేనే కదా, నేనూ ఒకటి రాస్తాను," అన్నారు.

కొత్త కాగితం రాస్తున్నాను. ఇందులో ఒక్క వసంతం కూడా లేదు. గంటలు, మూరలు, ఎవరు ఎప్పుడు వస్తారు, ఎవరు ఏమన్నారు. అంతే. రాయడం చాలా కష్టంగా ఉంది.

చిన్నమ్మా, ఒకటి అడుగుతాను. సారయ్య పోయేనాటికి నేను నీ దగ్గరే ఉన్నాను కదా. అంటే నాకు నాలుగేళ్ళు. ఆ రోజు నేను ఎక్కడ ఉన్నాను? ఎంత తవ్వుకున్నా నాకేమీ గుర్తు రావడం లేదు.

నీ
ఆండాలు


వరంగల్
27 సెప్టెంబరు

బిడ్డా,

అబద్ధం రాద్దామని కూసున్న. రెండు ఇన్‌ల్యాండ్ కవర్లు ఖరాబు చేసిన.

ముసలవ్వ అని రాసిన గదా. ముసలవ్వ లేదు.

నువ్వే ఉన్నవ్ వాని దగ్గర. తమ్ముణ్ణి చూస్కోవే అని నీకు చెప్పి పోయిన. నాలుగేండ్ల పిల్లకు చెప్పి పోయిన. నేను షిఫ్టు దిగి వచ్చేవరకు నువ్వు గడప మీద కూసున్నవ్. తమ్ముడేడే అంటే, బాయిల ఉన్నడు అన్నవ్. ఏడ్వలే నువ్వు. అన్నం పెట్టు చిన్నమ్మా అన్నవ్.

నేను నిన్ను ఏం అనలే. ఒక్క మాట అనలే, దేవుని సాక్షిగ. నీకు అన్నం పెట్టినంకనే నేను అందరిని పిలిచిన. ఆ నెలనే ఇల్లు మార్చినం. ఈ ముచ్చట ఎవరన్న ఆండాలు ముంగట ఎత్తితే నా గడప తొక్కొద్దని అందరికి చెప్పిన. మీ చిన్నాయన పోయేదాక ఒక్కసారి ఎత్తలే. గందుకే జ్వరం అని చెప్పుకుంట వచ్చిన. వాని కోసం కాదు, నీ కోసం.

ఇప్పుడెందుకు చెప్తున్న అంటే, నీకు ఇరవై రెండేండ్లు వచ్చినయ్, అడిగినవ్. ఇంకొకటి. నీ జాబుల ఆ ఏడేండ్ల పోరి లెక్క పెడుతున్నదని రాసినవ్. గది చదివినంక నాకు నిద్ర పట్టలే. అందరు ఆ పిల్లగాని నడుముకే చూస్తున్నరు. చీర వాన్ని కాపాడ్తది. ఆ పోరి రోజంత ఏం చూస్కుంట కూసుంటదో ఎవరన్న అడిగిండ్రా?

మనసు ఖరాబు చేసుకోకు. నువ్వు ఏం చెయ్యలేదు. చేసింది నేను. నాకు గూడ ఇంకో దిక్కు లేకుండె.

అన్నం తిను.

చిన్నమ్మ


మాదన్నపేట
13 అక్టోబరు

చిన్నమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు గదిలోంచి కదల్లేదు. సోమశేఖర్ గారి భార్య కమలమ్మ రెండు పూటలా కంచం పైకి పంపింది. తిన్నాను. గడపా, బావీ, నువ్వు షిఫ్టు దిగి రావడం, అన్నీ ఊహించి చూశాను. ఊహకు వస్తున్నాయి, జ్ఞాపకానికి రావడం లేదు. ఇక ప్రయత్నించను. నన్ను పద్దెనిమిదేళ్ళు ఆ రోజుకు దూరంగా ఉంచినందుకు నీకు ఏం రాయాలో నా నోటుబుక్కు మొత్తం వెతికినా దొరకలేదు. దసరాకు వస్తాను. నీ పక్కన కూర్చుంటాను.

అయిదో తారీఖున కమిటీ కూర్చుంది. ప్రహ్లాద్ గారు, ఒక డాక్టరు, విమలాదేవి గారు. సక్కుబాయి గోడకు ఆనుకుని నిలబడింది. పిల్లవాడిని లీలమ్మ ఎత్తుకుంది. ముందు నా పాత రిపోర్టు చదివారు. దాని మీద కుట్టిన కొత్తది నేనే చదివాను.

డాక్టరు అన్నాడు: "కారణం ఏదైనా అయిదు గంటలు కట్టి ఉంచడం పిల్లవాడికి మంచిది కాదు."

"కాదు సార్," అన్నాను. సక్కుబాయి నా వైపు చూసింది.

ప్రహ్లాద్ గారు బట్టల మనిషి కదా, కాగితం పక్కన పెట్టి ఆ చీర తెప్పించారు. వేళ్ళతో నలిపి చూశారు. "ఇంత మెత్తబడాలంటే ఎన్ని ఉతుకులు పడాలె," అని తనలో అనుకుని, సక్కుబాయిని అడిగారు: "మా హోంల పాలున్నయి, మంచమున్నది. పంపుతవా అమ్మా?"

"మీ హోం మంచిదే సేటూ. ఆయన దవాఖానల, వీండ్లు హోంల, మరి నేను సాయంత్రం ఎవలింటికి పోవాలె?"

అప్పుడు నేను లేచాను. కొత్త రిపోర్టులో కూడా ఒక సంగతి సరిగా రాయలేదని చెప్పాను. రాజమణి సంగతి. పిల్లవాడు చీరకు కట్టుబడి ఉంటే, ఆ పిల్ల పిల్లవాడికి కట్టుబడి ఉంది. ఆమెకు ముడి లేదు కనుక ఎవరమూ కొలవలేదు. ఏదైనా జరిగితే ఆ పిల్ల జన్మంతా మోస్తుంది, లేదా ఆమె మోయకుండా ఇంకెవరో జన్మంతా దాస్తారు. ఆ మాట అని కూర్చున్నాను. నీ పేరు చెప్పలేదు, చిన్నమ్మా. చెప్పాలనిపించింది, చెప్పలేదు.

మా కేంద్రంలోనే, చిన్నపిల్లలను పగటిపూట చూసుకునే బాలవాడి ఉంది. మూడేళ్ళు నిండినవాళ్ళనే తీసుకుంటారు. గుండుకు రెండే. విమలాదేవి గారు, "రూలు నేను రాసిందే. నేనే దిద్దుతాను," అన్నారు. చివరికి ఇలా తేల్చారు: పిల్లలు తల్లి దగ్గరే ఉంటారు, మూడు నెలలు. వాడిని కట్టకూడదు. పొద్దున బాలవాడిలో వదలాలి, రెండింటికి లీలమ్మ తీసుకుపోవాలి. రాజమణి బడికి వెళ్ళాలి. నేను వారం వారం వెళ్ళి చూసి రాయాలి, వేరువేరు వేళల్లో. జనవరిలో మళ్ళీ కూర్చుంటారు. అప్పటిదాకా ఏదీ ఖాయం కాదు. బయటికి వచ్చాక సక్కుబాయి నాకు కృతజ్ఞతలేమీ చెప్పలేదు. "ఆదివారం రా, మూడింటికి. నేనుంట," అంది.

బావి మీదికి సీమోను రెండు ముక్కల చెక్కమూత చేస్తున్నాడు. "కీలు బిగించేదాక ఎవ్వరు దీని మీదెక్కి ఫోటువలు దిగొద్దు," అంటాడు వచ్చినవాళ్ళందరితో. ఇంకా సగమే అయింది.

మొన్న సోమవారం గుండును బాలవాడిలో దింపారు. వాడు అరగంట ఏడ్చి, ఇంకొకడి లక్కపిడత లాక్కుని ఊరుకున్నాడు. ఏడవనిది, కదలనిది రాజమణి. బడి పక్క వీధిలోనే, కానీ ఆ పిల్ల గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కొత్త పలక చంకలో పెట్టుకుని లోపలికే చూస్తోంది.

"బడికి వేళవుతోంది, పద," అన్నాను.

"వీడు ఉరికితే?"

"ఇక్కడి ఆయమ్మ పట్టుకుంటుంది."

"ఆమె అటు చూసినప్పుడు ఉరికితే?"

"అప్పుడు తప్పు ఆమెది. నీది కాదు."

పలకను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "నేనేం చెయ్యాలె మరి?"

"రెండింటిదాకా నీకేం పని లేదు. చదువుకో, ఆడుకో."

నమ్మలేదు. వీధి మలుపు దాకా వెళ్ళేలోగా నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసింది. తిరిగిన ప్రతిసారీ నేను గుమ్మంలోంచి చెయ్యి ఊపాను. నిన్న మూడుసార్లు తిరిగింది. ఇవాళ ఆదివారం, బడి లేదు. రేపు ఎన్నిసార్లు తిరుగుతుందో చూసి నీకు రాస్తాను.

నీ
ఆండాలు